హద్దుదారుల పిలుపు

కొలెట్ పోయిన రోజు ఉదయం వెర్నా పెల్టియర్ ఐదో తరగతి పిల్లల చేత అమెరికాలోని తమ మెయిన్ రాష్ట్రపు నదుల పేర్లు చెప్పిస్తోంది. హెడ్మాస్టరు తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒకసారి జేబులో, ఒకసారి బయట పెట్టుకుంటున్నాడు. ఒక్క నిమిషం ఆగమని ఆమె వేలెత్తింది, ఎందుకంటే చెబుతున్న పిల్ల నిదానస్తురాలు, ఇంకొక్క నది మిగిలింది, మధ్యలో ఆపితే పాపం మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంటుంది. ఆయన ఆగాడు. ఆ పిల్ల ఆండ్రోస్కాగిన్ అన్న పేరుతో కుస్తీ పట్టి గెలిచింది, క్లాసంతా చప్పట్లు కొట్టింది, వెర్నా కూడా కొట్టింది, ఆ తర్వాతే తలుపు వైపు నడిచింది. ఆ నది పూర్తయ్యేదాకా తనకు కూతురుందని తర్వాత చాలాసార్లు అనుకుంది. ఎవరితోనూ అనలేదు. అది నవంబరు, వానా మంచూ కలిసి పడిన పొద్దు. ఊళ్ళో ముసలివాళ్ళ నర్సింగు హోములో రాత్రి డ్యూటీ దిగి వెళ్తూ, ఊరి చివర క్రాస్బీ వాళ్ళ పొలం పక్క మలుపులో కొలెట్ కారు రోడ్డు దిగిపోయింది.

ఇప్పుడు జూన్. వెస్ట్ ఆల్డన్ టౌన్ హాలు కిటికీలన్నీ తెరిచినా గాలి రాలేదు, నల్ల ఈగలు మాత్రం వచ్చాయి. సాయంత్రపు వెలుగు ఇంకా నేల మీదే ఉంది. ప్లానింగ్ బోర్డు వాళ్ళు పొడుగు బల్ల వెనక సర్దుకుంటున్నారు, ఒకాయన మైకు పనిచేస్తోందా అని గోటితో కొడుతున్నాడు, పనిచేస్తోంది, అయినా కొడుతున్నాడు. మూడో వరస మడత కుర్చీలో కూర్చున్న వెర్నాకు ఈ కుర్చీలు బాగా తెలుసు. శనివారం రాత్రి చిక్కుడు గింజల విందుకి ఇవే, ఓట్ల రోజున ఇవే, ఎవరైనా పోతే పాతిపెట్టి వచ్చాక కాఫీ తాగడానికీ ఇవే. కొలెట్‌ని పాతిపెట్టి వచ్చినప్పుడు వీటి మీద కూర్చున్నవాళ్ళే ఇవాళా కూర్చున్నారు. అప్పుడు గొంతులు తగ్గించుకున్నారు, ఇవాళ పెంచుకుంటారు. ఆమెకు అప్పటికే అలసటగా ఉంది. అలసట అనేది రోజు చివర వచ్చేదని ఒకప్పుడు అనుకునేది, ఇప్పుడు అది పొద్దున్నే తనకంటే ముందు లేచి కూర్చుంటోంది.

"ఈ కుర్చీలు మన ఊరంటే గిట్టనోడెవడో దానం చేసుంటాడు," అన్నాడు పక్కన క్లైడ్ హ్యాస్కెల్, నడుం నిమురుకుంటూ. "నా పేరు నాలుగోది, నీది అయిదోది. నేను కాస్త వేడెక్కిస్తా, నువ్వు దించు. సరేనా?"

ఆమె తల ఊపింది. సరే అనుకోడానికీ, విన్నాననుకోడానికీ పనికొచ్చే ఊపు అది. మాట్లాడేవాళ్ళ కాగితంలో ఆమె పేరు రాసింది క్లైడే. పోయిన ఆదివారం ఇంటికొచ్చి, ఆమె చేసిన రుబార్బ్ పై, ఆ తీపి రొట్టె ముక్క ముందు పెట్టుకుని, తినకుండా ఫోర్కుతో దాని అంచు విరగ్గొడుతూ చెప్పాడు: "మూడు ముక్కలు చాలు, వెర్నా. మా అమ్మాయి ఆ మలుపులో పోయింది, ఆ రోడ్డు మీదికి ఇంకిన్ని కార్లు తోలకండి. అంతే. మేమంతా గొంతు చించుకున్నా రానిది నీ ఒక్క మాటకొస్తుంది. నీ మొహం చూసి కాదనే మగాడు ఆ బల్ల వెనక లేడు." ఆమె భర్త ఆర్మాండ్ లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు. వెర్నా ఆ ముక్క తినమంది. క్లైడ్ మంచివాడు కాకపోతే ఎంత తేలికగా ఉండేది. ఆ పొద్దున పాల డబ్బాలతో వస్తూ కాలువలో తలకిందులైన కారును మొదట చూసింది అతనే. కోటు విప్పి ఆ పిల్ల మీద కప్పి, అంబులెన్సు వచ్చేదాకా బురదలో మోకాళ్ళ మీద కూర్చున్నది అతనే. ఆ కోటు తర్వాత ఏమైందో వెర్నా అడగలేదు. అతను ఇప్పటికీ ఆ మలుపు దగ్గర బండి దాదాపు ఆపేస్తాడట, వెనకవాళ్ళు హారన్ కొట్టినా.

విషయం చూస్తే చిన్నదే. క్రాస్బీ ముసలాయన పోయాక ఆయన పాడి పొలం ఖాళీగా పడి ఉంది. షెరిల్ టార్బాక్స్ అనే ఆవిడ దాన్ని కొంటానని ఒప్పందం రాసుకుంది. గ్రామీణ జోన్‌లో ఉన్న ఆ పొలాన్ని నివాస జోన్‌లోకి మార్చమని అర్జీ పెట్టింది. మారితే చిన్న చిన్న స్థలాల్లో ఇళ్ళు, రెండంతస్తుల అద్దె వాటాలు వస్తాయి. మారకపోతే గడ్డి. ఆవిడ గోడకి తగిలించిన పటంలో ఆ ఇళ్ళు పసుపు రంగు గళ్ళలా ఉన్నాయి, వాటి మధ్య చెట్లు గుండ్రంగా, పచ్చగా, అన్నీ ఒకే వయసులో. పిల్లలు బొమ్మలేస్తే చెట్లు అలాగే వేస్తారు. ఆ పటం కింది మూలలో, రోడ్డుకీ పసుపు గళ్ళకీ మధ్య, ఏ రంగూ వేయని చిన్న ముక్క ఒకటుంది. వెర్నా కళ్ళు అటు పోకుండా చూసుకుంటున్నాయి. అటు పోకూడదనుకునే కళ్ళకి అదొక్కటే పని.

చైర్మన్ డ్వైట్ గ్రిండిల్ గొంతు సవరించుకున్నాడు. ముప్పై ఏళ్ళ కింద ఈ డ్వైట్ ఆమె క్లాసులో చివరి బల్ల మీద కూర్చునేవాడు. చదవమంటే వరస తప్పేవాడు, రెండో వరసలోంచి నాలుగో వరసలోకి దూకేవాడు, తను చదివింది అర్థం కాకపోయినా సిగ్గుతో ముందుకే పోయేవాడు. ఆమె అతనికి స్కేలు ఇచ్చింది. వరస కింద పెట్టు, ఆ వరస అయ్యాకే కిందికి జరుపు, ఏదీ వదలకు, రాసి ఉన్నది ప్రతిదీ చదవాలి. ఇప్పుడు అతని తల నెరిసింది, ఊళ్ళో సామిల్లు నడుపుతున్నాడు, అయినా చేతిలో చెక్క స్కేలుంది. కాగితం కింద దాన్ని పెట్టి, విచారణ మొదలుపెట్టే ముందు ఈ ఊళ్ళో ఎప్పుడూ చేసే పనే చేశాడు. ఆ పొలానికి హద్దుల్లో ఉన్నవాళ్ళందరికీ రిజిస్టర్డ్ ఉత్తరాలు వెళ్ళాయో లేదో, అందినట్టు సంతకం పెట్టిన పచ్చ కార్డులు తిరిగొచ్చాయో లేదో పైకి చదవాలి. ఒక్కరికి అందకపోయినా విచారణ ఆ రాత్రికి చెల్లదు.

"క్లైడ్ హ్యాస్కెల్, అందింది. బాప్టిస్టు చర్చి, అందింది. మార్గరెట్ క్రాస్బీ, అందింది." స్కేలు కిందికి జరిగింది. "కొలెట్ ఎం. పెల్టియర్, బ్యాంగర్. కార్డు... తిరిగి రాలేదు."

గదిలో ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు. స్కేలు అక్కడే ఆగిపోయింది. డ్వైట్ మెడ కాలరు దగ్గర ఎర్రబడి, ఆ ఎరుపు చెవులదాకా ఎక్కింది. బల్ల చివర కూర్చున్న గుమాస్తా ఐడెల్లా రెండు చేతులతో నోరు మూసుకుంది. చావు కబురు తెలియగానే మాకరోనీ గిన్నె పట్టుకొచ్చి వెర్నా వంటింట్లో నిలబడి ఏడ్చింది ఈ ఐడెల్లాయే. కానీ ఉత్తరాలు రాసేటప్పుడు ఆమె మనుషుల్ని చూడదు, ఏప్రిల్ ఒకటిన తయారైన పన్నుల చిట్టా చూస్తుంది, చిట్టాలో ఉన్న పేరుకి చిట్టాలో ఉన్న చిరునామా రాస్తుంది. ఈ ఊళ్ళో అందరూ అలాగే చేస్తారు. చేయకపోతే చుట్టాలకో రూలు, పరాయివాళ్ళకో రూలు అన్నమాట పడుతుందని భయం. డ్వైట్ కూడా ఆపకుండా చదివాడు. ఏదీ వదలొద్దని చిన్నప్పుడు అతనికి చెప్పింది వెర్నాయే కదా.

"ఆ పార్టీ గానీ," అన్నాడు డ్వైట్, ఆ తర్వాతి మాట కూడా రాసే ఉంది కాబట్టి, "ఆ పార్టీ తరఫున ఎవరైనా గానీ, ఇక్కడ ఉన్నారా?"

క్లైడ్ ఆమె వైపు వంగాడు. "మెదలకు," అన్నాడు ఊపిరితోనే. "నువ్వేం అనకపోతే విచారణ వచ్చే నెలకి పోతుంది. ఆవిడ ఒప్పందం ఈ నెలాఖరు దాకే. మైకు దాకా వెళ్ళక్కర్లేదు, ఏడవక్కర్లేదు. ఊరికే కూర్చో చాలు."

ఊరికే కూర్చోవడం. నవంబరు నుంచి ఆమె చేస్తున్నది అదే, దానికింత విలువుందని ఇవాళే తెలిసింది. కార్డు తిరిగి రాలేదు, ఎలా వస్తుంది, బ్యాంగర్‌లో కొలెట్ అద్దెకున్న వాటాలో ఇప్పుడెవరో కుర్రదంపతులున్నారు, తలుపు మీద కొలెట్ అంటించిన దుప్పి బొమ్మ గీకేశారో ఉంచారో, పోస్టుమాన్ తలుపు కొట్టి ఉంటాడు, కొలెట్ పెల్టియర్ ఉన్నారా అని అడిగి ఉంటాడు, లేరు అని ఉంటారు. లేరు. ఎంత సులువుగా అని ఉంటారు, ఆ మాట తన నోటితో ఇంతవరకూ ఒక్కసారి కూడా అనలేదు, పోయింది అని అంది, ఆ ప్రమాదం అంది, నవంబరు అంది, లేదు అని అనలేదు. ఆ రంగు వేయని ముక్క కొలెట్‌ది. ఇరవై రెండేళ్ళు నిండిన రోజున తనూ ఆర్మాండూ రాసిచ్చారు, ఎకరం కన్నా కాస్త ఎక్కువ, ఆర్మాండ్ వాళ్ళ నాన్న ఒకప్పుడు బంగాళాదుంపలు వేసిన చోటు. ముగ్గురూ కలిసి పుల్లలు పాతి తాడు కట్టారు, ఇది వంటిల్లు, ఇది పడక, ఇక్కడ కిటికీ ఉంటే పొద్దున ఎండ మొహాన కొడుతుందని ఆర్మాండ్ అంటే, కొట్టనీ నాన్నా, రాత్రి డ్యూటీ చేసేదానికి అదే జోలపాట అని కొలెట్ ఆ తాళ్ళ మధ్య నేల మీద పడుకుని చూపించింది. గడ్డి తడిగా ఉంది, వీపంతా తడిసిపోయింది, నవ్వింది. తర్వాత ఈ గదికి వచ్చారు. ఇవే కుర్చీలు. గ్రామీణ జోన్‌లో ఇల్లు కట్టాలంటే రెండెకరాలుండాలి. మినహాయింపు ఇవ్వమని అర్జీ. ఎవరూ వద్దనలేదు, క్లైడ్ వద్దనలేదు, వద్దనడానికి ఎవరూ రాలేదు కూడా, ఏడుగురో ఎనిమిదిమందో ఉన్నారు గదిలో. డ్వైటే కాగితం చదివాడు, చాలా బాధగా ఉందమ్మా, ఒకరికిస్తే అందరికీ ఇవ్వాలి, అన్నాడు. వెర్నా అప్పుడు తల ఊపింది, నిజమే, రూలంటే రూలే, ఇరవై ఏడేళ్ళుగా పిల్లలకి చెబుతున్నది అదే. ఇంటికెళ్ళేటప్పుడు కార్లో వెనక సీటు నుంచి కొలెట్, పోనీలే అమ్మా, బ్యాంగర్‌లో లిఫ్టు కూడా ఉంటుందట, అంది. మనింట్లోనే ఉండమంటే సొంత గడప కావాలంది. ఈ ఊళ్ళో అద్దెకి వాటాలు లేవు, ఉంటే చెరువు ఒడ్డున వేసవి కోసం వచ్చేవాళ్ళవి, శీతాకాలం నీళ్ళు గడ్డకట్టుకుపోయేవి. పని మాత్రం ఇక్కడే ఉంది, నర్సింగు హోములో ఎప్పుడూ మనుషులు చాలరు. మీ పాత టీచర్లందరికీ గుడ్డలు మార్చేది నేనే, నీకు కూడా నేనే మారుస్తా చూస్తుండు, మార్కులు తక్కువేసినందుకు కాస్త గట్టిగా కడతా, అనేది కొలెట్. బ్యాంగర్ నుంచి పోనూ గంట, రానూ గంట. రాత్రంతా ఇతరుల తల్లుల్ని అటూ ఇటూ తిప్పి పడుకోబెట్టి, తెల్లారి కళ్ళు మండుతూ గంట ప్రయాణం. మలుపు అంటారు అందరూ. మలుపు ఎప్పటి నుంచో అక్కడే ఉంది.

నల్ల ఈగ ఒకటి ఆమె మణికట్టు మీద వాలింది, అది కుట్టేదాకా తెలుస్తూనే ఉంది. డ్వైట్ పెదాలు కదుపుతున్నాడు, ఇక చాలు, వాయిదా అనేయబోతున్నాడు. అనేస్తే చాలు. ఇంటికెళ్ళి టీ పెట్టుకోవచ్చు. ఏ మాటా చెప్పకుండా, ఎవరి మొహమూ చూడకుండా, క్లైడ్‌కి కోటు బాకీ తీర్చేయవచ్చు. ఊళ్ళో అందరూ ఆమె చేతులు పట్టుకుంటారు. తన కూతురి పేరు పిలిచారు, పలకలేదు, అందుకని గడ్డి గడ్డిగానే ఉండిపోయింది, అంతే జరుగుతుంది. ముప్పై ఏళ్ళు హాజరు పిలిచిన మనిషి. పేరు పిలిస్తే పలకని పిల్ల కోసం తల ఎత్తి చూడకుండా ఆమె ఎన్నడూ తర్వాతి పేరుకి పోలేదు. బడికి రాలేదా, జ్వరమా, ఎవరికి తెలుసు, అని అడిగేది. పక్కవాడైనా లేచి చెప్పేవాడు.

ఆమె లేచి నిలబడింది. మడత కుర్చీ వెనక కిర్రుమంది.

"నేనున్నాను," అంది. "కొలెట్ తరఫున. ఉత్తరం ఆమెకి అందదు. నాకు తెలిసింది, చాలు. మీ విచారణ కానివ్వండి."

"టీచర్," అన్నాడు డ్వైట్. స్కేలు కింద పెట్టాడు. "టీచర్, మీరు... మేం ఆపేయొచ్చు."

"ఆపక్కర్లేదు డ్వైట్. తర్వాతి పేరు చదువు."

తర్వాతి పేరు చదివాడు. క్లైడ్ ఆమె వైపు చూడలేదు. టోపీ మోకాలికి తగిలించుకుని ఎదురు గోడ కేసి చూస్తున్నాడు. విచారణ మొదలైంది. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు, బల్ల మీద కోడిపెట్ట ఆకారంలో ఉన్న వంటింటి గంట, డ్వైట్ దాని మెడ తిప్పి వదులుతాడు, టైమైతే అది గిర్రుమంటుంది. బావుల్లో నీళ్ళు ఇంకిపోతాయన్నారు. బడి చాలదన్నారు, ఆ బడిలో పిల్లలు తగ్గిపోయి ఆరో తరగతినీ అయిదో తరగతినీ కలిపేసే మాట నడుస్తోందని ఆమెకు తెలుసు. జింకలు ఎక్కడికి పోతాయి అని ఒకావిడ అడిగితే, వెనక నుంచి ఎవరో, "మా ఆవిడ పూల మొక్కల్లోకి, ఎప్పుడూ పోయేచోటికే," అన్నారు, కొందరు నవ్వారు. అంతా దూరంగా, నీళ్ళలో తల ముంచినప్పుడు ఒడ్డున మాటల్లా. క్లైడ్ వెళ్ళి మాట్లాడాడు. మలుపు అన్నాడు. ఆమె పేరెత్తలేదు, కొలెట్ పేరూ ఎత్తలేదు, నేను ఆ రోజు అక్కడున్నాను అని మాత్రం అన్నాడు, ఆ తర్వాత నోరు తెరిచాడు గానీ మాట రాలేదు. కోడిపెట్ట మోగేదాకా అలాగే మైకు ముందు నిలబడ్డాడు. మోగాక వచ్చి కూర్చున్నాడు.

అయిదో పేరు ఆమెది. మైకు ఆమె ఎత్తుకి మించి ఉంది, ఐడెల్లా వచ్చి దించింది, దించుతూ ఆమె చేయి ఒక్క క్షణం పట్టుకుని వదిలింది. పేరు, చిరునామా చెప్పాలి, చెప్పింది. ఏం మాట్లాడాలో రాసుకు రాలేదు. రాసుకుంటే మాటలు బాగుంటాయి, బాగున్న మాటలంటే ఆమెకు ఈ మధ్య భయం.

"మా అమ్మాయి ఆ మలుపులో పోయింది," అంది. "అది మీ అందరికీ తెలుసు. ఆ పొద్దున ఆమె ఈ ఊరు వదిలి వెళ్తోంది. ప్రతి పొద్దునా వెళ్ళేది. ఇక్కడ పని దొరికింది, పడుకోవడానికి చోటు దొరకలేదు. ఇల్లు కట్టుకుంటానని ఈ గదికే వచ్చి అడిగింది. మీరు రూలు ప్రకారం కాదన్నారు, నేనూ సరేనన్నాను. ఇవాళ ఏది కావాలో మీరు తేల్చుకోండి. ఆ మలుపు ప్రమాదమే, క్లైడ్ చెప్పింది నిజం, దాన్ని బాగు చేయండి. కానీ ఇక్కడ ఎవరూ ఉండకూడదని చెప్పడానికి మా అమ్మాయిని తీసుకురాకండి. ఆమె ఉండాలనుకుంది."

మొదటి వరసలో షెరిల్ టార్బాక్స్ పెన్ను తీసి గబగబా రాసుకుంటోంది. వెర్నా ఆమెను చూసింది. బడిలో కిటికీలోంచి బయటికి చూసే పిల్లల్ని చూసినట్టే చూసింది.

"మీరు కూడా రాసుకోవద్దమ్మా," అంది. "మీ కోసం చెప్పలేదు."

పెన్ను ఆగింది. కోడిపెట్ట ఇంకా టిక్కు టిక్కుమంటోంది, చాలా మిగిలి ఉంది, డ్వైట్ దాన్ని చేత్తో ఆపాడు. వెర్నా తన కుర్చీ దాకా నడిచింది. ఏడుపు రాలేదు, తేలిక పడిందని కూడా అనిపించలేదు. నిజం చెబితే మనసు తేలికపడుతుందని పిల్లలకి ఎన్నిసార్లు చెప్పిందో. అది ఎవరి అనుభవమో తెలియదు.

బోర్డు వాళ్ళు కాసేపు తలలు దగ్గర పెట్టుకున్నారు. ఇవాళ తేల్చలేమన్నారు. మలుపు దగ్గర రోడ్డు ఇంజనీరుతో కలిసి నడిచి చూడాలి, అర్జీదారు ఒప్పందం గడువు పొడిగించుకోగలిగితే వచ్చే నెల ఓటు వేస్తామన్నారు. పొలం వాళ్ళు పొడిగిస్తారో లేదో చెప్పలేనంది షెరిల్ టార్బాక్స్. కుర్చీలు మడిచే చప్పుడు. పోతూ పోతూ కొందరు వెర్నా భుజం తట్టారు, కొందరు తట్టకుండా తలుపు వైపు చూస్తూ వెళ్ళారు. క్లైడ్ టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"నేను చూసింది నువ్వు చూళ్ళేదు, వెర్నా," అన్నాడు.

"చూళ్ళేదు," అంది ఆమె. "మా పిల్ల పక్కన ఉన్నావు. అది నేను మర్చిపోను."

"ఆ పొలంలో ఇళ్ళొస్తే ఆ రోడ్డు మీద నేను బండి తోలలేను." కోపంగా చెబుదామనుకున్నాడు, కోపం రాలేదు. టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. వచ్చేటప్పుడు వెర్నా అతని ట్రక్కులో వచ్చింది. కిటికీలోంచి ఆ ట్రక్కు కదలకుండా, దీపాలు వేసుకుని, ఆమె కోసం ఆగి ఉండటం కనిపించింది.

డ్వైట్ కాగితాలు సర్దుకుంటూ దగ్గరికొచ్చాడు. ఎదుట నిలబడితే అతనికి ఇప్పటికీ తల వంచే అలవాటు.

"టీచర్, క్షమించండి. నేను చదవకుండా ఉండాల్సింది."

"రాసి ఉంది కదా. చదవాలి."

"వచ్చే నెల మళ్ళీ అందరికీ ఉత్తరాలు పంపాలి. చిట్టాలో మారేదాకా ఐడెల్లా ఆ పేరుకే పంపాల్సొస్తుంది. మరణ పత్రం పట్టుకుని జిల్లా కోర్టులో ఓ సంతకం పెడితే ఆ స్థలం మీ పేరు మీదికి వచ్చేస్తుంది. అరగంట పని టీచర్. కావాలంటే నేను బండిలో తీసుకెళ్తాను."

"చూద్దాం," అంది వెర్నా.

మరణ పత్రం వంటింటి సొరుగులోనే ఉంది. కోర్టు వారంలో అయిదు రోజులూ తెరిచే ఉంటుంది. ఆ పేరు చిట్టాలోంచి తీయించడానికి వెర్నా ఇంకా వెళ్ళలేదు.